జిప్సం రిపేరు ఎవరి చేతికివ్వాలి: కె.ఆర్.పురం ఫ్లాట్ కేసు

బెంగళూరులో పాత ఫ్లాట్ల రిపేర్లకు నేను సైట్ సూపర్‌విజన్ చేస్తుంటాను. ఇంటివాళ్ల తరఫున కాంట్రాక్టర్‌ను ఎంచడం, వచ్చిన మెటీరియల్ చూసుకోవడం, కొలతలు తీసి బిల్లు సరిచూడడం నా పని. ఈ మధ్య ఫాల్స్ సీలింగ్, జిప్సం పార్టిషన్ల రిపేర్లు ఎక్కువగా వస్తున్నాయి.

ఈ పనిలో ఇనుప ఫ్రేముకు జిప్సం బోర్డులు బిగిస్తారు. చిక్కేమిటంటే మంచీ చెడూ అంతా ఆ బోర్డు వెనకే ఉంటుంది. పైన పుట్టీ పట్టి పెయింట్ కొట్టాక దొంగ పనీ దొర పనీ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి రెండు వానాకాలాలు గడిస్తే గానీ తేడా బయటపడదు. అందుకని కొటేషన్ చూసి మనిషిని తేల్చుకోను. పెద్ద పని మాట్లాడే ముందు, డబ్బిచ్చి ఒక చిన్న పని చేయిస్తాను. దెబ్బతిన్న చోట రెండడుగుల చదరం బోర్డు కోసి, వెనక ఏముందో చూపించమంటాను. కె.ఆర్.పురం కేసులో ఈ పద్ధతి చాలావరకు పనికొచ్చింది. ఒకచోట మాత్రం సరిపోలేదు, అదీ చెబుతాను.

ఇంట్లో పరిస్థితి

అపార్ట్‌మెంటు కట్టి పన్నెండేళ్లు. రెండో అంతస్తు ఫ్లాట్. ఓనర్లు కడప జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ దంపతులు, ఆయన బ్యాంకులో రిటైరయ్యారు. హాలు ఫాల్స్ సీలింగ్‌లో ఒక మూల గోధుమరంగు మరక పడి, బోర్డు కిందికి వంగింది. డైనింగుకూ చదువుకునే గదికీ మధ్య ఉన్న జిప్సం పార్టిషన్ అడుగున ఉబ్బి, పెయింట్ పొరలుగా లేచింది. గదిలో బూజు వాసన. ఆవిడ అగరొత్తులు వెలిగించి సర్దుకుంటున్నారు.

రెండు చోట్లా తడే, కానీ తడి వచ్చిన దారులు వేరు. అడగగానే ఆవిడ ఒక మంచి మాట చెప్పారు: "వాన లేని వారంలో కూడా మరక ఆరట్లేదు బాబూ, పొద్దున పూట ఇంకా ముదురుతోంది." అంటే వాన నీళ్లు కావు. పై ఫ్లాట్ బాత్రూమ్ ఈ హాలు మూలకు ఆనుకునే వస్తుంది. పార్టిషన్ సంగతి వేరు. అది వాళ్ల సొంత కామన్ బాత్రూమ్ గుమ్మం పక్కనుంచే మొదలవుతుంది. గుమ్మం గ్రానైట్ అతుకు విరిగి ఉంది. ఆ సందులోంచి టైల్స్ కింది ఇసుక-సిమెంట్ పరుపులోకి నీళ్లు దిగి, పార్టిషన్ కింద నేలకు బిగించిన ఇనుప చానల్ దాకా పాకాయి.

జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్, దాని బరువులో దాదాపు ఐదో వంతు స్ఫటిక రూపంలో ఉన్న నీరే. అయినా బయటి నీళ్లు మాత్రం దానికి పడవు. ఒకసారి తడిసి త్వరగా ఆరితే తట్టుకుంటుంది. నెలల తరబడి నానితే లోపలి గట్టితనం పోతుంది, పైనున్న కాగితానికి బూజు పడుతుంది. అప్పుడిక కోసి పారేయడమే.

ముగ్గురు వచ్చారు

మొదటివాళ్లు, కొడుకు పుణె నుంచి ఆన్‌లైన్‌లో వెతికి పంపిన కంపెనీ. వచ్చిన అబ్బాయి లేజర్ మీటర్‌తో కొలిచి, సాయంత్రానికల్లా రంగుల పీడీఎఫ్ పంపాడు. హాలు 154 చదరపు అడుగుల సీలింగ్ అంతా కొత్తది, అడుగుకు 105 రూపాయలు. పార్టిషన్ మొత్తం కొత్తది, 90 చదరపు అడుగులు, అడుగుకు 150. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35 వేలు, అందులో 60 శాతం అడ్వాన్స్. బోర్డు బ్రాండు, మందం, చానల్ మందం అన్నీ చక్కగా రాశారు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయన్న ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు.

రెండో ఆయన్ని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారు. "మన కడపాయనే, నమ్మకస్తుడు" అన్నారు. ఆయన వచ్చి కాఫీ తాగి, ఊరి సంగతులు మాట్లాడి, పైకి ఒక్కసారి చూసి, "సార్, దీనికంత టెన్షన్ ఎందుకు, వంగిన చోట రెండు స్క్రూలు బిగించి, డ్యాంప్ ప్రూఫ్ పుట్టీ పట్టి పెయింట్ కొట్టేద్దాం, ఏడు వేలు" అన్నాడు. ఇంటాయన మనసు అక్కడే వాలిపోయింది. పరాయి ఊళ్లో మన యాస వినిపిస్తే మనకు సగం పరీక్ష అక్కడే అయిపోతుంది. నేను చూసిన జిప్సం గొడవల్లో చాలావాటికి మొదలు ఈ "మనవాడే" అన్న మాటే.

మూడో అతనిది కోలారు జిల్లా ముళబాగిలు. కన్నడం కలిసిన తెలుగు. కింద మూడో బ్లాకులో పని చేస్తుంటే వాచ్‌మన్ పిలుచుకొచ్చాడు. పీడీఎఫ్ లేదు, విజిటింగ్ కార్డు లేదు. మరక చూసి, పార్టిషన్ అడుగున వేలితో నొక్కి, బాత్రూమ్ తలుపు తీసి గుమ్మం చూశాడు. "పై ఇంటివాళ్లు ఉండారా సార్? వాళ్ల బాత్రూమ్ చూడకుండా రేటు చెప్తే నాకే లాస్" అన్నాడు. రేటు అడిగితే వాయిస్ మెసేజ్ పెడతానన్నాడు.

ఇక్కడ ఒక తొందరపాటు జరుగుతుంటుంది. మంచి ప్రశ్న అడిగాడు కదా, ఇతనికే ఇచ్చేద్దాం అంటారు. మంచి ప్రశ్నలు అడగడం అనుభవంతో వస్తుంది, శుభ్రంగా పని చేయడం వేరే సంగతి. అందుకే ముగ్గురినీ అదే అడిగాను: వెయ్యి రూపాయలిస్తాం, సీలింగ్‌లో రెండడుగుల చదరం విప్పండి, పని మీకిచ్చినా ఇవ్వకపోయినా ఆ వెయ్యి మీవి.

విప్పిన రోజు

కంపెనీ ఒప్పుకోలేదు. చిన్న పనులు చేయరట, ఆర్డర్ ఇచ్చాకే టీమ్ వస్తుందట. అది వాళ్ల వ్యాపార పద్ధతి, తప్పుబట్టను. కానీ అదే సమయంలో వాళ్ల కొటేషన్ మీదున్న జీఎస్టీ నంబరును పోర్టల్‌లో వెతికాను. అక్కడ రిజిస్ట్రేషన్ రద్దయినట్టు చూపించింది. ఫోన్ చేస్తే "ఆడిటర్ చూసుకుంటాడు సార్" అన్నారు. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, కర్ణాటకకు 29. ఆ తరువాతి పది అక్షరాలూ ఆ వ్యాపారి పాన్. పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. చిన్న కాంట్రాక్టర్‌కు జీఎస్టీ లేకపోవడం నేరమేమీ కాదు, ఏడాదికి 20 లక్షల లోపు సేవలకు మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా 18 శాతం వసూలు చేయడం మాత్రం మోసం. ఆ కంపెనీతో మాట అక్కడితో ఆపేశాం.

కడపాయన సరేనని తను రాకుండా ఇద్దరు కుర్రాళ్లను పంపాడు. వాళ్లు సుత్తితో మొదలుపెట్టారు. లోపల ఎల్ఈడీ లైట్ల వైర్లు ఉన్నాయని చెప్పేలోపే అంచు పగలగొట్టారు. కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించలేదు, కింద సోఫా మీద దుప్పటి వేయలేదు. నేను ఆపించి వెయ్యి ఇచ్చి పంపేశాను. ఇంటాయనకు మొహమాటం, "మనవాడు కదా, మళ్లీ అవకాశం ఇద్దామా" అన్నారు. ఆవిడే వద్దన్నారు. తెల్లపొడి పడ్డ సోఫా దులుపుకునేది ఆవిడ మరి.

ముళబాగిలు అతను స్వయంగా వచ్చాడు. ముందు ఎంసీబీ ఆపించాడు. ఆ పగిలిన చోటు పక్కనే, గీత గీసి చిన్న రంపంతో చదరంగా కోశాడు. కోసిన ముక్కను పారేయకుండా గోడకు ఆనించి, వెనక వైపు చూపించాడు. కాగితం మీద నల్లటి మచ్చలు. ఫోన్ టార్చి వేసి సందులోంచి వీడియో తీశాడు. అందులో మూడు విషయాలు బయటపడ్డాయి. పైన స్లాబు అంచున తడి చారికలు ఉన్నాయి. బోర్డును బిగించే ఇనుప పట్టీలు (సీలింగ్ సెక్షన్లు) 18 అంగుళాలకు ఒకటి ఉండాల్సింది, రెండడుగులకు మించి దూరంగా ఉన్నాయి. ఒకచోట ఫ్రేమును స్లాబుకు వేలాడదీసే హ్యాంగర్‌కు బదులు బైండింగ్ వైరుతో కట్టి వదిలేశారు. బోర్డు వంగడానికి తడి ఒక్కటే కారణం కాదన్నమాట. కడపాయన చెప్పినట్టు రెండు స్క్రూలు బిగించినా అవి బిగుసుకోవడానికి అక్కడ ఇనుమే లేదు.

ఈ ఒక్క వీడియోతో హాలు సీలింగ్ అంతా మార్చాల్సిన అవసరం లేదని కూడా తేలింది. మిగతా చోట్ల బోర్డు పొడిగా, గట్టిగా ఉంది. ఆరడుగులు ఎనిమిదడుగుల మేర, అంటే రెండు బోర్డుల పని చాలు. హ్యాంగర్లు మాత్రం ఇంకో నాలుగు చోట్ల కొత్తవి వేయాలి.

ముందు నీళ్లు ఆగాలి

పై ఫ్లాట్‌లో అద్దెకుంటున్న కుర్రాళ్లు సహకరించారు. ఓనరుతోనే కొంచెం కష్టమైంది, అసోసియేషన్ సెక్రటరీ ద్వారా మాట్లాడించాం. రెండు రోజులు ఆ బాత్రూమ్ వాడకుండా ఉంటే మరక ముదరడం ఆగింది, అది చాలు రుజువు. ప్లంబర్ నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు దిగే చోటు) చుట్టూ తవ్వి చూస్తే, పైపుల కోసం కిందికి దించి కట్టిన సంకెన్ స్లాబులోకి దిగే చోట అతుకు వదులైంది. దాన్ని సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, 24 గంటలు నీళ్లు నిలబెట్టి పరీక్షించారు. మా వైపు బాత్రూమ్ గుమ్మాన్ని తీసి, ఎపాక్సీ గ్రౌట్‌తో మళ్లీ కూర్చోబెట్టించాం.

తరువాత ఆగాం. ఇది ఓనర్లకు అసలు నచ్చని దశ. సీలింగ్‌లో కన్నం, కింద పాలిథిన్ షీటు, పండగ దగ్గరికొస్తోంది. కానీ తడి స్లాబు కింద కొత్త బోర్డు మూసేస్తే డబ్బు మళ్లీ నీళ్లపాలే. రెండు పిన్నుల తేమ మీటరుతో స్లాబు ప్లాస్టరింగ్‌నీ పార్టిషన్ పక్క గోడనూ కొలిచి, హాల్లో పొడిగా ఉన్న గోడ రీడింగ్‌తో పోల్చి చూశాం. రెండూ దగ్గరికొచ్చేసరికి దాదాపు నెల పట్టింది. ఈ నెల ఆగడానికి ముళబాగిలు అతను కూడా ఒప్పుకున్నాడు, అడ్వాన్స్ తీసుకోకుండా.

కాగితం పని

అతనితో ఇబ్బంది అంతా కాగితం దగ్గరే. రేటు వాయిస్ మెసేజ్‌లో చెప్పాడు: సీలింగ్ ప్యాచ్ పదకొండున్నర వేలు, పార్టిషన్ అడుగున రెండడుగుల పట్టీ రెండువైపులా ఎనిమిదిన్నర వేలు, పెయింట్ వేరు. అందులో ఏ బోర్డో, చెత్త ఎవరు తీస్తారో, అతుకులకు ఏం వాడతారో లేదు. పని చేతకానివాడికి మంచి కాగితం ఉన్నా లాభం లేదు. పని వచ్చినవాడికి కాగితం మనమే రాసి ఇవ్వచ్చు. తెలుగులోనే ఒక పేజీ రాసి, చదివి వినిపించి, వాట్సాప్‌లో పంపి "ఒప్పుకున్నాను" అని టైప్ చేయించాను.

అందులో రాసినవి: బోర్డు 12.5 మి.మీ., అంచులు పలుచబడ్డ టేపర్డ్ ఎడ్జ్ రకం. పార్టిషన్ పట్టీకి ఆకుపచ్చ కాగితం ఉండే తేమ నిరోధక బోర్డు. చానళ్లు జీఐ (జింకు పూత ఉన్న ఇనుము), మందం 0.55 మి.మీ. స్క్రూలు సీలింగ్‌లో తొమ్మిది అంగుళాలకు ఒకటి. అతుకులకు కాగితం టేపు, జాయింట్ కాంపౌండ్ మాత్రమే, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కుదరదు. చెత్త బస్తాల్లో కట్టి సర్వీస్ లిఫ్టులో దించి, తీసుకెళ్లే బాధ్యత కాంట్రాక్టర్‌ది, దానికి 1,500. బోర్డు మూసేముందు ఫ్రేము చూపించాలి.

చెత్త సంగతి రాయకపోతే ఏమవుతుందో బెంగళూరులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఖాళీ సైట్ కనిపిస్తే చాలు, రాత్రికి బస్తాలు అక్కడ తేలతాయి. నిర్మాణ వ్యర్థాలను విడిగా పెట్టి అప్పగించాలని 2016 నుంచే కేంద్రం నిబంధనలున్నాయి. ఫైన్ పడితే చీటీ ఓనరు పేరుతోనే వస్తుంది.

డబ్బు విషయంలో నా అలవాటు: మెటీరియల్ ఇంటికొచ్చి, చూసుకున్నాక మొదటి విడత. ఫ్రేము చూశాక రెండోది. పని అయ్యాక మిగతాది, అందులో పదో వంతు వానాకాలం దాకా ఆపడం. చివరిదానికి అతను ఒప్పుకోలేదు. "ఇరవై వేల పనికి రెండు వేలు ఆపితే కుర్రాళ్ల కూలి ఎక్కడనుంచి ఇచ్చేది సార్" అన్నాడు. న్యాయమే అనిపించింది. వెయ్యి రూపాయలు రెండు నెలలు ఆపేలా కుదిరింది. డబ్బంతా యూపీఐలోనే, ప్రతి విడతకూ ఏ పనికో నోట్‌లో రాసి పంపించాను. గొడవ వస్తే వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లేది ఇలాంటి ఆధారాలే. 2019 చట్టం ప్రకారం రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు, 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా దారి చెబుతారు. చేతికిచ్చిన నగదుకు ఆధారం ఉండదు.

పని, అందులో ఒక తేడా

మెటీరియల్ సరిగ్గానే వచ్చింది. బోర్డు వెనక ముద్ర, మందం చూశాను. చానల్ అంచును సన్నటి మందాలు కొలిచే వెర్నియర్‌తో కొలిచాను. ఈ వెర్నియర్ బయటికి తీయడం చూస్తేనే కొంతమంది కాంట్రాక్టర్ల ముఖం మారుతుంది, ఇతను మాత్రం "నాకూ ఒకటి కొనాల సార్" అన్నాడు. ఆకుపచ్చ బోర్డు చూసి ఇంటాయన, ఇక లీకైనా ఫర్వాలేదు కదా అన్నారు. ఆ బోర్డు గాలిలో తేమనూ, అప్పుడప్పుడూ పడే చిందులనూ తట్టుకుంటుంది అంతే. లీకేజీని ఏ రంగు జిప్సమూ తట్టుకోదు.

పార్టిషన్ అడుగు కోస్తే శబ్దం ఆపడానికి లోపల పెట్టిన గ్లాస్ వూల్ తడిసి ముద్దయి ఉంది, నేల చానల్ తుప్పు పట్టి వేలితో నొక్కితే విరిగిపోయేలా ఉంది. అదంతా మాస్కులు పెట్టుకుని తీయించాం. కొత్త బోర్డును నేలకు పది మిల్లీమీటర్ల పైన ఆపి, సందును సీలెంట్‌తో నింపి, పీవీసీ స్కర్టింగ్ వేశారు. బోర్డు నేలకు తగిలితే తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ నీళ్లు పీలుస్తుంది. పాత పనిలో జరిగింది అదే.

తేడా వచ్చింది అతుకుల దగ్గర. ఆ రోజు అతను ఇంకో సైట్‌కు వెళ్లి, బిహార్ కుర్రాళ్లిద్దరిని పంపాడు. వాళ్ల దగ్గర కాగితం టేపు లేదు. అంటుకునే జాలీ టేపు, పీఓపీ సంచీ తెచ్చుకుని, ఒక అతుకు అప్పటికే పూర్తి చేశారు. పీఓపీ గంటలో గట్టిపడుతుంది, పని తొందరగా తేలుతుంది. కానీ దానికి సాగే గుణం లేదు. పాత బోర్డూ కొత్త బోర్డూ కలిసే చోట కదలిక ఎక్కువ, అక్కడే వెంట్రుకంత బీట వస్తుంది. ఇక్కడే రెండడుగుల పరీక్ష చాలలేదు. ఆ పరీక్షకు వచ్చిన చెయ్యి అతనిది, అతుకుల రోజు వచ్చిన చేతులు వేరు. జిప్సం పనిలో కాంట్రాక్టర్ ఎంత నిజాయితీపరుడైనా, పని చేసేది రోజుకూలీ మీద మారిపోయే కుర్రాళ్లు. అందుకే ఇప్పుడు కాగితంలో ఇంకో వాక్యం చేరుస్తున్నాను: అతుకుల రోజు మేస్త్రీ స్వయంగా సైట్‌లో ఉండాలి.

ఫోన్ చేశాను. సాయంత్రం అతను టేపు చుట్ట, కాంపౌండ్ డబ్బా పట్టుకుని వచ్చాడు. రాసిన కాగితం తీయాల్సిన పని కూడా పడలేదు. చేసిన అతుకును గీకించి, టేపు వేయించి, మొదటి పూత ఆరాక మర్నాడు రెండోది, ఆ తరువాత ఇంకొంచెం వెడల్పుగా మూడోది వేయించాడు. గీకడంలో బోర్డు కాగితం కొద్దిగా చిరిగింది. ఆ చోటే ఆరువారాల తరువాత సన్నటి బీట కనిపించింది. ఆపిన వెయ్యి ఇంకా మా దగ్గరే ఉంది గానీ, దాని గురించి మాట్లాడకుండానే ఆదివారం వచ్చి సరిచేశాడు.

మిగిలిన గొడవ పెయింట్‌ది. ప్యాచ్‌కు కొట్టిన తెలుపూ, పన్నెండేళ్ల పాత తెలుపూ కలవలేదు. పగలు తెలియదు, సాయంత్రం సీలింగ్ అంచున దాచిన కోవ్ లైట్ వేస్తే చదరం చదరంగా కనిపిస్తుంది. హాలు సీలింగ్ మొత్తం కొట్టించాల్సి వచ్చింది, పార్టిషన్‌తో కలిపి ఆరు వేలు. బోర్డు పని, చెత్త, పెయింట్ కలిపి 27,500. ఈ ఆరు వేలలో సగం పై ఫ్లాట్ ఓనరు ఇవ్వాలని మా ఇంటాయన అంటున్నారు, నీళ్లు తన బాత్రూమ్‌వే కాబట్టి. ప్లంబింగ్ ఖర్చంతా తానే పెట్టుకున్నానని ఆ పై ఓనరు వాదన. వచ్చే నెల అసోసియేషన్ మీటింగ్‌కు కావాలంటే రెండడుగుల చదరం లోపల తీసిన వీడియో, తేమ రీడింగులు, బిల్లుల కాపీలు ఒక ఫోల్డరులో పెట్టి సెక్రటరీకి పంపాను. పార్టిషన్ వాటా మాత్రం అడగొద్దని ఇంటాయనకు చెప్పాను, ఆ నీళ్లు సొంత గుమ్మానివి.